జాబొచ్చాక అంతా మారుతుందంటున్నాడు. అప్పటిదాకా ఈ మాటలు పడాల్సిందేనా?

తెల్లవారి డ్యూటీ:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికతో చదవండి.

నాకు 27 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తున్నా. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిల్స్ తీసుకురావడం నా డ్యూటీ. షుగర్ పరీక్షకు పరగడుపున ఇవ్వాలి కాబట్టి అందరూ ఆరింటికే రమ్మంటారు. నేను నాలుగున్నరకు లేచి, స్కూటీ మీద ఐస్ బాక్స్ పెట్టుకుని బయల్దేరతా. ఉండేది విద్యానగర్‌లో లేడీస్ హాస్టల్. చేతికొచ్చే జీతం 23 వేలు.

అతను మా పక్క ఊరి అబ్బాయి. డిగ్రీలో పరిచయం, తర్వాత ప్రేమ. 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 పడ్డప్పుడు అందరిలాగే బ్యాగ్ సర్దుకుని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వచ్చేశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చదువుకునే పిల్లలున్న ఇళ్లన్నిటికీ తెలుసు. అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ దాటాడు, మెయిన్స్ రాశాడు, రాలేదు. ఇప్పుడు మళ్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చదువుతున్నాడు.

రెండోసారి రద్దయినప్పుడు వాళ్ల నాన్న పైసలు పంపడం ఆపేశాడు. "వచ్చి పత్తి చేను చూసుకో" అన్నాడు. అప్పుడు నేనే చెప్పాను, నువ్వు చదువు, నేను చూసుకుంటానని. నన్నెవరూ బలవంతం చేయలేదు. రూమ్‌లో అతని వాటా, మెస్ బిల్లు, రీడింగ్ రూమ్ ఫీజు అన్నీ కలిపి నెలకు తొమ్మిది వేలు దాకా అవుతుంది. అది మంచి పనేనని ఇప్పటికీ అనుకుంటున్నా. చదివేవాడికి సాయం చేయడంలో తప్పేం లేదు.

నా బాధ డబ్బు గురించి కాదు. ఒక ఆదివారం హాస్టల్ ఆంటీని బతిమాలి వంటింట్లో చేపల పులుసు చేసుకుని అతని దగ్గరికి వెళ్లా. వాళ్ల సందు చివర టీ కొట్టు దగ్గర ఫ్రెండ్స్‌తో నిలబడి ఉన్నాడు. కొత్తగా వచ్చిన అబ్బాయి ఒకతను "ఎవరన్నా?" అని అడిగాడు. "మా ఊరి దిక్కు అమ్మాయి. ల్యాబ్‌ల చేస్తది. ఏమన్న టెస్టులుంటే చెప్పున్రి, తక్కువల చేపిస్తది" అన్నాడు. నా మొహం చూడలేదు. ఒక చేత్తో ఫోన్‌లో కరెంట్ అఫైర్స్ పైకి జరుపుతూనే రెండో చేత్తో డబ్బా తీసుకుని పక్కనున్నతనికి ఇచ్చాడు. నేను ఇంకో నిమిషం నిలబడి వచ్చేశా. రాత్రి ఫోన్ చేసి అడిగితే "అందరి ముందు ఏమని చెప్పాల్నే? లేనిపోని ముచ్చట్లు పెడతరు" అన్నాడు.

పేపర్లో ఏదైనా చదివి అడిగితే "నీకెందుకవన్నీ, నువ్వు సూదులు గుచ్చుకో" అంటాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు, ఇప్పుడు నవ్వు కూడా లేదు. ఆ సూదుల గురించి చెప్పాలి మీకు. ముసలివాళ్లకి, కీమో తీసుకునేవాళ్లకి నరం దొరకదు. చేతికి పట్టీ కట్టి, వేలితో తడుముతూ, కంటికి కనపడని నరాన్ని చర్మం కింద పట్టుకోవాలి. మా సెంటర్‌లో కష్టమైన కేసులు నాకే ఇస్తారు. బాగ్ లింగంపల్లిలో ఒక పెద్దాయన నేను రాకపోతే ఎవరికీ చెయ్యి ఇవ్వడు. "నీ చెయ్యి మంచిదమ్మా" అంటాడు. బయటివాళ్ల దగ్గర నాకు విలువ ఉంది. నేను ప్రేమించినవాడి దగ్గర లేదు.

ఇంకొకటి. జీతం లేటై డబ్బులు నాలుగు రోజులు ఆలస్యమైతే ఫోన్ ఎత్తడు. మెసేజ్ చూస్తాడు, జవాబివ్వడు. డబ్బు పడగానే "థాంక్స్ రా, చదువుల పడి చూసుకోలె" అంటాడు. బతుకమ్మకు ఊరెళ్లినప్పుడు వాళ్లమ్మ నాకు వినపడేటట్టే పక్కామెతో అంటోంది, "జాబొస్తే మావోనికి కోటి రూపాయల సంబంధాలొస్తయ్" అని. అతనికి చెబితే "అమ్మ మాటలు పట్టించుకోకు, జాబొచ్చినంక అన్నీ నేనే చూసుకుంట" అన్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు హాస్పిటల్లో రాత్రంతా మేలుకుని, స్ట్రెచర్ తోసి, మందులకు తిరిగి, మా అన్న చేయాల్సినవన్నీ తనే చేశాడు. అదే నన్ను కట్టేస్తోంది.

పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాణ్ని గౌరవం ఇవ్వమని అడగడం స్వార్థమా? డబ్బిస్తున్నా కాబట్టి అడుగుతున్నానని అనుకుంటాడేమో అని కూడా భయం. మా రూమ్మేట్ వెంటనే వదిలేయమంటుంది. నేను అంత తేలిగ్గా మనుషుల్ని వదిలే రకం కాదు. వదిలేయ్ అనే ఒక్క మాట కాకుండా ఏదైనా చెప్పండి.


ఒకప్పటి అశోక్‌నగర్:

చెల్లీ, నేనూ ఆ సందుల్లోనే ఏళ్లు గడిపినవాణ్ని. ఇప్పుడు ఒక జిల్లా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. అతని వైపు నుంచి కొంచెం చెప్తా, తర్వాత నీ వైపు చెప్తా.

పరీక్ష రద్దయిందన్న రోజు రూమ్‌లో ఎలా ఉంటదో బయటివాళ్లకు తెలియదు. ఎవరూ మాట్లాడరు. మధ్యాహ్నం మెస్‌కి ఎవరూ పోరు. ఊర్లో నీతోపాటు చదివినవాడు ట్రాక్టర్ కొనుక్కుని పెళ్లి చేసుకుని పిల్లాణ్ని స్కూల్లో వేస్తాడు, నువ్వు ముప్పై దగ్గర పడ్డా ఇంకా నాన్నను వెయ్యి రూపాయలు అడుగుతుంటావు. పండక్కి ఊరెళ్లాలంటే భయం. "ఏమైంది బిడ్డా నీ జాబు" అని అడిగే ప్రతి ముసలమ్మా శత్రువులాగే కనిపిస్తది. ఇదంతా నిజం. ఇది మనిషిని లోపల తింటది.

ఇప్పుడు నీ వైపు. అదే మనిషి రూమ్ ఓనర్‌తో ఎలా మాట్లాడతాడు? అద్దె లేటైతే "సార్, రెండ్రోజులు టైం ఇవ్వండి సార్" అంటాడా లేదా? టెస్ట్ సిరీస్ చెప్పే సార్ ముందు? టీ కొట్టు ఓనర్‌తో? టెన్షన్ మనిషి నోరు పాడు చేస్తదన్నది నిజమైతే అందరి మీదా పాడవ్వాలి. నేను చూసినంతలో ఆ కోపం ఎప్పుడూ తిరిగి ఏమీ అనలేని వాళ్ల మీదికే పోతది. ఊర్లో అమ్మ మీదికి, ఫోన్లో లవర్ మీదికి. మా రూమ్‌లో ఒకడుండేవాడు, రోజూ రాత్రి టెర్రస్ మీదికి పోయి ఆ అమ్మాయిని అరగంట తిట్టేవాడు, కిందికొచ్చి మాతో నవ్వుతూ క్యారమ్స్ ఆడేవాడు. అరగంట కిందట తిట్టిన మనిషేనా అనిపించేది. వాడికి తన నోటి మీద అదుపు లేక కాదు. ఎక్కడ వదలొచ్చో వాడికి బాగా తెలుసు.

కాబట్టి పరీక్ష అయ్యేదాకా ఆగాలా అన్న నీ ప్రశ్నకు నా జవాబు, వద్దు. ఇక్కడ పరీక్షలకు ఒక చివర ఉండదు. గ్రూప్-1 పోతే గ్రూప్-2, అది పోతే గ్రూప్-3. వచ్చిందే అనుకో, ట్రైనింగ్, పోస్టింగ్, పై ఆఫీసర్ల ఒత్తిడి. డిప్యూటీ కలెక్టర్‌కి ఉండే టెన్షన్ ముందు ఇది ఎంత? అప్పుడూ అదే చెప్పొచ్చు.


నల్లకుంట నుంచి:

అందరూ అబ్బాయినే తప్పుపడుతున్నారు. నేనూ ప్రిపేర్ అవుతున్నా, నన్ను మా అక్క చూసుకుంటోంది. ఒక ఆడపిల్ల సంపాదన మీద తింటున్నానన్న మాట రోజూ మెడ మీద కూర్చుంటుంది అండీ. అతను ఫ్రెండ్స్ ముందు మీ గురించి చెప్పకపోవడానికి కారణం మీ మీద చిన్నచూపు కాకపోవచ్చు, తన మీద తనకే ఉన్న చిన్నచూపు కావచ్చు. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండి. ఇప్పుడు మీరు లెక్కలు అడిగితే, గౌరవం అడిగితే, ఆ మనిషి చదువు అక్కడితో ఆగిపోతుంది. ఇన్నేళ్ల మీ కష్టం కూడా పోతుంది.


రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి:

నల్లకుంట బాబూ, నువ్వు చెప్పిన కారణం నిజమే అయ్యుండొచ్చు, నాకూ అలాగే అనిపించింది. కానీ తన మీద తనకున్న చిన్నచూపును అతను మోయకుండా ఆ పిల్ల నెత్తిన పెడుతున్నాడు. ఆ పిల్ల దాన్ని మోస్తూ మళ్లీ నాలుగున్నరకు లేవాలి. మీ అక్క నీ ఫ్రెండ్స్ ముందుకొస్తే "మా అక్క, నన్ను చదివిస్తోంది" అంటావా, "మా ఊరామె" అంటావా? నువ్వు మొదటిదే అంటావని నా నమ్మకం.

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో చేశాను. అందులో ఎక్కువకాలం గోల్డ్ లోన్ల దగ్గర. మొగుడూ పెళ్లాల మధ్య ఎవరి మాట చెల్లుతుందో ఆ కౌంటర్ దగ్గర కనపడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. ఆడమనిషి చేతి గాజులు తీసి పెడుతుంది. అప్రైజర్ గీటురాయి మీద గీసి చూస్తుంటే ఆమె కళ్లు ఆ గాజు మీదే ఉంటాయి. నేను అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే, లోన్ ఎవరి పేరు మీద? "మా ఆవిడ బంగారం మేడమ్, ఆమె పేరు మీదే రాయండి, కట్టేది నేను" అనే మగవాళ్లున్నారు. ఆమె నోరు తెరిచేలోపు "నా పేరు మీద రాయండి" అనేవాళ్లూ ఉన్నారు. లోన్ ఎవరి పేరు మీదుంటే, డబ్బు కట్టాక బంగారం వాళ్ల సంతకానికే చేతికిస్తాం. ఆమె బంగారం ఆమెకు తిరిగి రావాలంటే అతను రావాలి. ఎన్నోసార్లు ఆడవాళ్లు ఒంటరిగా వచ్చి "నావే మేడమ్ అవి" అని నిలబడేవాళ్లు, నేను ఏం చేయలేక కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేదాన్ని.

నీ దగ్గర జరుగుతున్నదీ అదే. ఇచ్చేది నువ్వు. రాత మాత్రం అంతా అతని పేరు మీద. రేపు వచ్చే ఉద్యోగం అతనిది, దాని విలువ వాళ్లమ్మ ఇప్పుడే కోటి అని కట్టేసింది, అందులో నీ పేరు ఎక్కడా లేదు. ఫ్రెండ్స్‌కి తెలియదు, ఇంట్లో తెలియదు. మీ ఇద్దరి మధ్య ఏముందో తెలిసింది నీకూ అతనికీ మాత్రమే. అతను లేదంటే లేదు. డబ్బు నీ చేతిలో ఉన్నా బలం అతని చేతిలో ఉండటానికి కారణం ఇది. నేను ఉస్మానియా దూరవిద్యలో ఎంఏ సోషియాలజీ చేసినప్పుడు ఒకటి చదివాను. విల్లార్డ్ వాలర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1938లోనే రాశాడు, ఇద్దరిలో ఆ బంధం ఎవరికి తక్కువ అవసరమో వాళ్ల మాటే నెగ్గుతుందని. డబ్బు ఆలస్యమైతే ఫోన్ ఎత్తకపోవడం అంటే "నువ్వు లేకపోయినా నాకు గడుస్తుంది, నీకే గడవదు" అని నీకు గుర్తుచేయడం. నోటితో అనక్కర్లేదు. నాలుగు రోజుల మౌనం చాలు.

మా రోజుల్లో ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనేవాళ్లు. మీ అతనికి ఆ సామెత పెట్టను. దాటాక ఏమంటాడో ఎవరం చెప్పలేం. నన్ను కలవరపెడుతున్నది ఏమిటంటే, ఇతను ఇంకా ఓడలో ఉండగానే బోడి మల్లయ్య అంటున్నాడు.

నీ అసలు భయం గురించి చెప్పనీ. డబ్బిచ్చి గౌరవం కొంటున్నానేమో అన్నావు. కాదు. నువ్వు రూపాయి ఇవ్వకపోయినా అతను నిన్ను నలుగురిలో నీ పేరుతో, నువ్వెవరో చెప్పి పరిచయం చేయాలి. నీ పనిని హేళన చేయకూడదు. వాటికి డబ్బుతో సంబంధం లేదు. 2005 నాటి గృహహింస చట్టంలో అవమానకరంగా మాట్లాడటాన్నీ, డబ్బు విషయంలో ఏడిపించడాన్నీ కూడా హింస కిందే రాశారు. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. మీరు ఒకే ఇంట్లో లేరు కాబట్టి ఆ చట్టం నీకు పనికిరాకపోవచ్చు. కేసు పెట్టమనీ చెప్పడం లేదు. మాట కూడా దెబ్బేనని పార్లమెంటే ఒప్పుకుందని చెబుతున్నాను, నువ్వు "ఇది చిన్న విషయం కదా" అని నీకు నువ్వు చెప్పుకుంటుంటావని నాకు తెలుసు కాబట్టి.

ఇక చేయాల్సినవి. అతన్ని పొద్దునపూట, కడుపు నిండా తిన్నాక, ఫోన్లో కాదు ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. నీ ఫ్రెండ్స్‌కి నన్ను ఎవరని చెబుతావు, మీ ఇంట్లో ఎప్పుడు చెబుతావు. జాబొచ్చాక అనేది తేదీ కాదు. పండగ పేరో నెల పేరో చెప్పమను. కులాలు వేరైతే ఇంట్లో ఒప్పుకోరని అంటాడేమో. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇప్పుడే చేసుకోమని కాదు, దారి లేదని మాత్రం అననివ్వకు. కోటి రూపాయల సంగతి వస్తే, కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచే నేరం, ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసు నిబంధనల ప్రకారం కూడా తప్పే. గ్రూప్-1 చదివేవాడికి ఇది నేను చెప్పక్కర్లేదు.

డబ్బు గురించి. ఇప్పటిదాకా ఇచ్చింది ప్రేమతో ఇచ్చావు. అప్పు అని ఇద్దరూ అనుకోలేదు కాబట్టి రేపు అడగడం కష్టం. ఇకమీద ఇచ్చేది అప్పుగా ఇస్తే ప్రామిసరీ నోటు రాయించుకో, దాని మీద కోర్టుకెళ్లే గడువు మూడేళ్లని గుర్తుంచుకో. సాయంగా ఇస్తే ఆ సాయం ఎంతో, ఎన్నాళ్లో నువ్వు నిర్ణయించు. నీ యూపీఐ పిన్ అతనికి తెలిసుంటే ఈ రాత్రే మార్చు. మీ నాన్న మందుల ఖర్చు, నీ పైచదువు, ఆ రెండూ పక్కన పెట్టాకే మిగతాది.

హాస్పిటల్లో రాత్రంతా మేలుకున్నవాడే ఇతను అన్నావు. ఆ మాట నేను కొట్టిపారేయను. అందుకే వదిలేయమనడం లేదు, అడగమంటున్నాను. మీ నాన్న స్ట్రెచర్ తోసినవాడిలో ఆ గుణం ఉంది. అతన్ని అడిగే ధైర్యం నీకు రానివ్వని భయం ఒక్కటే అడ్డంగా ఉంది.


మెహదీపట్నం చెల్లె:

అక్కా, నేను రెండు ముక్కలే చెప్తా. మా ఆయన కూడా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదివినవాడే. నేను బట్టల షాపులో సేల్స్‌లో చేసేదాన్ని. రోజుకు పది గంటలు నిలబడే ఉద్యోగం. అతని ఖర్చులన్నీ నేనే చూసుకున్నా. అతని రఫ్ నోటుపుస్తకం చివరి పేజీల్లో ప్రతి నెలా నేనిచ్చింది రాసుకునేవాడు, నేను అడగకుండానే. జనరల్ స్టడీస్ నోట్స్ వెనక మెస్ బిల్లు, బస్ చార్జీ, నేను కొనిచ్చిన చెప్పుల ధర. లైబ్రరీ గేటు దగ్గర ఎవరు కనపడినా "మా మేడమ్, ఈమె లేకపోతే నేను ఊర్లో ఉండేవాణ్ని" అనేవాడు. నాకు సిగ్గేసి ఆపమనేదాన్ని. 2023 జూలైలో గ్రూప్-4 రాశాడు, వచ్చింది. అప్పుడేం మారలేదు, ఎందుకంటే మారాల్సింది ఏం లేదు. వాళ్ల అమ్మానాన్న మొదట ఒప్పుకోలేదు, అతనే వెళ్లి కూర్చుని మాట్లాడాడు. కాబట్టి ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లంతా ఇలాగే ఉంటారంటే నమ్మకు. టెన్షన్ మా ఆయనకీ ఉండేది. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు, జుట్టు రాలిపోయింది. నా మీద మాత్రం ఎప్పుడూ చూపించలేదు.


తెల్లవారి డ్యూటీ:

అందరికీ చాలా థాంక్స్. మల్కాజిగిరి మేడమ్, మీ జవాబు హాస్టల్ మెట్ల మీద కూర్చుని మళ్లీ మళ్లీ చదివా.

మాట్లాడా. ఇందిరా పార్క్‌లో, పొద్దునే, టిఫిన్ చేశాక. మీరు చెప్పినట్టే ఎదురుగా కూర్చుని. ముందు నా పని గురించి చెప్పా. సూదులు అన్న మాట ఇంకోసారి వస్తే లేచి వెళ్లిపోతానని చెప్పా. నేను అంత గట్టిగా మాట్లాడతానని అనుకోలేదేమో, కాసేపు ఏం అనలేదు. తర్వాత ఫ్రెండ్స్ సంగతి అడిగితే అసలు మాట బయటికొచ్చింది. "నువ్వు పైసలు ఇస్తున్నవని మావోళ్లకు తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. నల్లకుంట అన్నయ్య చెప్పింది నిజమేనండి. నాకు కోపం రాలేదు, జాలేసింది. కానీ అడిగా, "నీ ఇజ్జత్ నిలబడాలంటే నాది పోవాల్నా?" అని. దానికి జవాబు లేదు.

నోటు సంగతి ఎత్తితే మాత్రం మండిపడ్డాడు. "నన్ను అప్పులోణ్ని చేస్తున్నవా" అని లేచి నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నేను చెప్పింది ఇదీ. రీడింగ్ రూమ్ ఫీజు నేనే నేరుగా కడతా, అది చదువు కోసం కాబట్టి. రూమ్ అద్దె, మెస్ వచ్చే నెల నుంచి నేను వేయను. తన ఫ్రెండ్స్‌లో ఇద్దరు సాయంత్రాలు స్కూల్ పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు, తనూ చెప్పొచ్చు. రోజుకు రెండు గంటలు పోతే సిలబస్ పోదు. దసరాలోపు ఇంట్లో చెప్పాలి. చెప్పకపోతే నేను ఇక అతని కోసం ఎదురుచూడను, మా నాన్న చూసే సంబంధాలకూ వెంటనే సరే అనను, నా దారిన నేను బీఎస్సీ ఎంఎల్‌టీ చదువుకుంటా. ఇదంతా చెబుతుంటే గొంతు వణికింది గానీ చెప్పేశా.

అతను సరే అనలేదు, కాదనలేదు. రెండ్రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక పొడుగు మెసేజ్ పెట్టాడు. 2023 నుంచి నేను ఇచ్చింది అంతా కలిపి తనకు గుర్తున్నంత వరకు ఇంత అవుతుందని, ఉద్యోగం రాకపోయినా తిరిగిస్తానని. నా లెక్క కన్నా కొంచెం తక్కువే వేశాడు, అయినా రాశాడు. సారీ అని ఎక్కడా లేదు. ట్యూషన్ గురించి అడిగితే ఒక ఇంట్లో మాట్లాడానన్నాడు. ఫ్రెండ్స్‌కి చెప్పాడో లేదో నాకు తెలియదు, నేను అటు వెళ్లలేదు. పిన్ మార్చేశా మేడమ్.

ఒక్కటే అడగాలి. ఆ మెసేజ్ చాలా, లేక నోటు రాయాల్సిందేనని పట్టుబట్టాలా?


రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి:

మెసేజ్ నోటుతో సమానం కాదు గానీ ఏమీ లేకపోవడం కన్నా చాలా మేలు. స్క్రీన్‌షాట్ ఒక్కటీ దాచి మెసేజ్ తీసేయకు, ఆ చాట్ ఫోన్‌లో అలాగే ఉండనీ. ఫోన్ మార్చినా దాన్ని బ్యాకప్ చేసుకో. మీ బ్యాంకుకు వెళ్లి 2023 నుంచి స్టేట్‌మెంట్ తీయించి, అతనికి పంపినవన్నీ పెన్నుతో గుర్తుపెట్టి, ఫైల్లో పెట్టుకో. అతను తక్కువ వేసిన లెక్కను సరిచేస్తూ నువ్వూ ఒక మెసేజ్ పెట్టు, మర్యాదగా, అంకెలతో. దానికి అతను "అవును" అంటే అది కూడా ఉంచుకో. నోటు మీద పట్టుబట్టడం ఇప్పుడే వద్దు. ముందు ట్యూషన్ మొదలుపెట్టనీ, వచ్చే నెల నువ్వు అద్దె వేయనప్పుడు ఫోన్ ఎత్తుతాడో లేదో చూడు. నాకు దాని మీదే ఎక్కువ ధ్యాస.

బీఎస్సీ ఎంఎల్‌టీ అడ్మిషన్ల గురించి దసరా దాకా ఆగకు. సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దిపెట్టుకో. ఫీజు దగ్గర లోటొస్తే విద్యా రుణం ఎలా తీసుకోవాలో నేను చెబుతా, ఇక్కడే రాయి.